మా అత్త మోకాలెత్తు కారు

మా ఇంటి వీధి తలుపు వెనక ఒక కర్ర ఉంటుంది. వచ్చినవాళ్ళు కుక్కల్ని అదిలించడానికేమో అనుకుంటారు. అది మా అత్త మోకాలెత్తు. చెప్పులు వేసుకుని కుర్చీలో కూర్చుంటే నేల నుంచి ఆవిడ మోకాలి మడత దాకా ఎంతో, ఆ కర్ర అంత. వెంట్రుకవాసి తేడా లేదు.

రెండేళ్ళ కిందట ఆవిడ స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట పదిసార్లు చెప్పింది. కూర్చున్నప్పుడు తుంటి ఎప్పుడూ మోకాలి కన్నా కిందికి దిగకూడదు, పీటలూ సోఫాలూ ఇంక బంద్ అని. నేను ఆ మాట విని, ఇంతటితో పోయింది కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం జేబులోంచి టేపు తీశారు.

ఆయన సంగతి చెప్పాలి. టాటానగర్‌లో రైలుపెట్టెల కింద దూరి చూసే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళకు పైగా చక్రాలు, స్ప్రింగులు, బఫర్లు. రెండు పెట్టెలు కలిసేచోట పుట్టగొడుగుల్లా గుండ్రంగా ఉంటాయే, అవే బఫర్లు. పట్టాల మీద నుంచి అవి ఎంత ఎత్తులో ఉండాలో లెక్కుంది. అంతకన్నా కిందికి దిగితే ఆ పెట్టె కదలడానికి వీల్లేదు. వాళ్ళ పనిలో కంటికి ఎలా కనిపించినా సరే, కొలిచే గేజి ఒప్పుకోవాలి. ఆ సాయంత్రమే ఆయన ప్యాకింగ్ చెక్కలోంచి ఒక బద్ద కోసి, చిత్రిక పట్టి, అత్త కాలి పక్కన నిలబెట్టి, ఎక్కువున్నది కోసేశారు.

"ఇంకనించి ఈ ఇంట్లో అమ్మ కూకునేది ఏదైనా సరే, దీని కాడ పాసవ్వాల," అన్నారు.

కుర్చీలన్నీ పరీక్షకు నిలబడ్డాయి. రెండు ఫెయిలై పక్కింటికి పోయాయి. మంచం ఇటుకలెక్కింది. కారును కూడా ఆ కర్రే కొన్నది. జనం సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళితే ఇంజిను శబ్దం వింటారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతారు. మా ఆయన ఎడమవైపు ముందు తలుపు తీసి, సీటు పక్కన కర్ర నిలబెట్టి, పెదవి విరిచి, తలుపు వేసేసేవారు. అమ్మేవాడొకడు ఇదేదో తెలుగువాళ్ళ పూజనుకుని చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఒక తెల్ల కారు దొరికింది. పాతది, ఎత్తుగా డబ్బాలా ఉంటుంది. దాని సీటు కర్ర తల కన్నా ఒక వేలి మందం పైకే ఉంది. "పాస్," అన్నారు. ఇంజిను మాట ఆ తర్వాత ఎప్పుడో అడిగారు.

ఆ కారు శనివారాల కోసం. మేముండేది గోవింద్‌పూర్‌లో, మా తెలుగువాళ్ళ గుడి కద్మా వైపు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు. మా అత్త వారమంతా శనివారం కోసమే బతుకుతారంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. గురువారానికే చీర తీసి పెట్టుకుంటారు. గుడిలో స్తంభం పక్కన ఆవిడకో కుర్చీ వేస్తారు. అక్కడికి భుయ్యాడీహ్ నుంచి ఒకావిడ, రైల్వే క్వార్టర్ల నుంచి ఇద్దరు వస్తారు, అందరూ శ్రీకాకుళం దిక్కువాళ్ళే. హారతి అయ్యాక ఆ నలుగురూ కూర్చుని ఎవరి ఊరి మాట వాళ్ళు మాట్లాడుకుంటారు. ఇంట్లో ఆవిడకు మేము ముగ్గురం, మా గోల మాది. ఆ రెండు గంటలే ఆవిడవి.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న డ్యూటీ దిగి వచ్చాక పలక మీద దిద్దించాడు, స్తోత్రాల పుస్తకంలో చదవడం నేర్పాడు. ఇంకో అలవాటు కూడా ఆయనే చేశాడు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు అడగాల్సినవి తర్వాత, ముందు ఆ రోజు అందినవి చెప్పుకోమనేవాడు. కుళాయి నీళ్ళొచ్చాయి స్వామీ. బియ్యంలో రాళ్ళు లేవు స్వామీ. ఇప్పటికీ అంతే చేస్తాను. కిందటి వానాకాలంలో మాత్రం నా దణ్ణం 'కారు అడుగు ఊడిపోకుండా ఇల్లు చేరింది స్వామీ' అనేదాకా దిగజారింది.

కారణం మా అబ్బాయి. ఇరవై ఆరేళ్ళవాడు, ఇంకా పెళ్ళి కాలేదు, లారీల కంపెనీకి సామాన్లు చేసిచ్చే చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒక సెలవు పూట కారు పక్కన గొంతుక్కూర్చుని, టైరుకూ దాని పైనున్న రేకుకూ మధ్య చెయ్యి పెట్టి చూసుకుంటున్నాడు.

"మా, ఇలా రా. చూడు, చార్ ఉంగ్లీ! నాలుగు వేళ్ళు దూరతన్నాయి."

"దూరితే?"

"ఎంత గ్యాపో చూడు! ఆటోలాగుంది. ఒక్క వేలు పట్టాల, అంతే. అప్పుడు చూడు లుక్."

"చేసినోడు నాలుగు వేళ్ళు వదిలాడంటే ఏదో అనుకునే వదిలుంటాడు కదరా."

"అరే ఛోడో మా. తుమ్ నహీ సమ్‌ఝోగీ."

నీకు అర్థం కాదులే అని. వాడికి చెప్పడానికి జవాబు లేకపోతే భాష హిందీకి మారిపోతుంది. వాడు మాటలు నేర్చిన నాటి నుంచీ నేను తెలుగులో అడుగుతున్నాను, వాడు హిందీలో తప్పించుకుంటున్నాడు.

రెండు వారాలకు ఒక బరువైన పెట్టె వచ్చింది. విప్పితే నాలుగు ఎర్ర స్ప్రింగులు. పెళ్ళికూతురి గాజుల్లా నిగనిగలాడుతున్నాయి. అవి చూసి మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏట్రా ఇవి?"

"లోవరింగ్ స్ప్రింగ్స్ నాన్నా. పాతవి తీసి ఇవి ఏత్తే బండి ఇంచిన్నర కిందికి కూకుంటాది."

"కంపెనోడు ఇచ్చిన స్ప్రింగు తీసేత్తావా? తలకాయుందా నీకు? బండంటే ఏటనుకున్నావు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన తిట్టేస్తారు, పీడ వదిలిపోతుంది అనుకున్నాను. కానీ తిడుతూ తిడుతూ ఒక స్ప్రింగు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. అక్కడే నా ఆశ చెడింది.

"సూడవే, ఇటేపు చుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, అటేపు దూరం దూరంగా ఉన్నాయి. ముందు మెత్తగా దిగుతాది, బరువెక్కేకొద్దీ గట్టిపడతాది. ఎవడో బుర్ర పెట్టే చుట్టాడు."

"చుడితే చుట్టాడు, తిప్పి పంపించెయ్యండి," అన్నాను.

వినేవారెవరు? అప్పటికే తండ్రీకొడుకులు తలలు దగ్గర పెట్టేశారు. ఇక్కడ ఒక మాట దాచకూడదు. అంతకు ముందు ఏడాదిగా వాళ్ళిద్దరి మధ్య 'తిన్నావా', 'తాళం ఎక్కడుంది' తప్ప మూడో మాట లేదు. ఆ ఎర్ర స్ప్రింగు ముందు కూర్చుని గంటన్నర మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆ సంగతి కూడా చెప్పుకున్నాను, కాస్త పళ్ళు నూరుకుంటూనే.

మా ఆయన ఒక పూట సెలవు పెట్టి మరీ గ్యారేజీకి వెళ్ళారు. వచ్చాక అన్నం తింటూ అంతా వర్ణించి చెప్పారు. పాత స్ప్రింగులు నాలుగూ గోనెసంచిలో వేసి మెట్ల కింద పెట్టారు.

"ముందు చక్రాలవి రెండూ పక్కపక్కన పెడితే కవలపిల్లలే అనుకుంటావు. కాదు. కుడిది రవ్వంత గట్టిది. డ్రైవరు ఎప్పుడూ అటే కూకుంటాడు కదా, బరువు ఆపాల. ఒకదాని మీద తెల్ల రంగు చుక్క, ఒకదాని మీద పసుప్పచ్చ చుక్క ఎట్టాడు కంపెనోడు. అయినా నాను సుద్దతో ఎడమ, కుడి అని రాసి పెట్టాను. మా షెడ్‌లో అయితే ఇలాటివి కలిపేసినోడికి మెమో ఇత్తారు."

అంత జాగ్రత్త మనిషి. బంపరు ఎత్తు కొలిచారు. నాలుగు మూలలూ కొలిచి, ముందెంత, తర్వాతెంత అని కాయితం మీద రాసుకొచ్చారు. తలుపు వెనక కర్ర ఒక్కటే ఆయనకు గుర్తు రాలేదు. మా వాడికీ రాలేదు. నాకు కూడా రాలేదు, అది ఒప్పుకోవాలి.

మర్నాటి నుంచి మొదలైంది. మా గోవింద్‌పూర్ రోడ్లలో పది అడుగులకో స్పీడ్‌బ్రేకరు. ప్రతి దాని దగ్గరా కారు అడుగు 'కర్ర్' మని గీసుకునేది. ఆ శబ్దానికి నా పళ్ళు జివ్వుమనేవి. మా వాడు దానికో ఉపాయం కనిపెట్టాడు, బ్రేకరును ఏటవాలుగా, ఒక్కో చక్రంతో ఎక్కడం. ఏనుగు మెట్లెక్కినట్టు మేము ఎక్కుతుంటే వెనకాల బళ్ళన్నీ హారన్లు. ఫ్యాక్టరీ నుంచి పైకప్పూ తలుపులూ లేని ఉత్త లారీ చట్రాల్ని హెల్మెట్లు పెట్టుకుని తోలుకుపోతుంటారు కదా, వాళ్ళలో ఒకడు మా పక్కన ఆపి, పైనుంచి తొంగిచూసి, "క్యా భాయీ, గాడీ బైఠ్ గయీ క్యా?" అన్నాడు. బండి కూలబడిపోయిందా అని. తలుపుల్లేని బండివాడు మా మీద జాలిపడ్డాడు!

నా బాధ ఇంకొకటి. శనివారం శనివారం బంపరు కింద నిమ్మకాయా మిరపకాయలూ దారానికి గుచ్చి కడతాను. ఇదివరకు వారం అంతా వేలాడేవి. ఇప్పుడు మొదటి బ్రేకరుకే నేల రాసుకుని తెగిపోయేవి. "దారం పొట్టిగా కట్టు మా," అని సలహా. కారు పొట్టి చేసినవాడు నాకు దారం పొట్టి చెయ్యమని చెబుతున్నాడు.

ఇవన్నీ నవ్వుకునే బాధలు. మొదటి శనివారం వచ్చింది.

అత్త చీర కట్టుకుని, చేతిలో తులసిమాల పొట్లంతో కారు దగ్గరకు వచ్చారు. అలవాటు ప్రకారం వీపు సీటు వైపు తిప్పి, నా చెయ్యి పట్టుకుని, వెనక్కి వాలారు. సీటు ఉంటుందనుకున్న చోట లేదు. దభీమని కూలబడ్డారు. ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. "ఏటీ లేదు, చెయ్యి జారింది," అన్నారు. మా వాడు అప్పటికే స్టీరింగు దగ్గర కూర్చుని అద్దంలో జుట్టు చూసుకుంటున్నాడు.

గుడి దగ్గర లేవలేకపోయారు. మోకాళ్ళు గుండె దాకా వచ్చి ఉన్నాయి. ఒకసారి ప్రయత్నించారు, రెండోసారి ప్రయత్నించారు. మా ఆయన ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని లాగాం. కొంగు జారింది. చెప్పులు విప్పుకుంటున్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. "వయసైపోతంది అమ్మకి," అన్నారు మా ఆయన, చెమట తుడుచుకుంటూ. అంత కొలతల మనిషికి అదే తోచింది. ఆ రోజు అత్త హారతయ్యాక మాట్లాడలేదు. స్తంభం పక్కన కుర్చీలో తుంటి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

తర్వాతి శనివారానికి గురువారం చీర తియ్యలేదు. నేను అప్పుడే గ్రహించాను.

"ఈ వారం ఒద్దే. కాలు లాగుతంది. మీరు ఎల్లండి."

"అత్తా, నిజం చెప్పండి. కారు కిందికైపోయింది, అందుకే కదా?"

"గట్టిగా అనకు. పిల్లడు ఇనగల్డు."

"వింటే వినాలి. ఆ స్ప్రింగులు వాడి నెత్తి మీద..."

"నోరు ముయ్యి. ఆడు ముచ్చటపడి ఏయించుకున్నాడు. తండ్రీ కొడుకూ ఇన్నాళ్ళకి ఒక కాడ కూకుని మాటాడుకుంటన్నారు. నా కాలు కోసరం అది చెడగొడతావేటి? దేవుడు ఇక్కడా ఉన్నాడు. నా మీద ఒట్టు, ఆలకి చెప్పకు."

ఊరికే అనడం కాదు, నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నారు. ఒట్టంటే నాకు భయం. మా నాన్న అన్నం మీద, అగ్ని మీద, మనిషి తల మీద వేసిన ఒట్టు తప్పకూడదని చెప్పి పెంచాడు. నోరు కట్టేసినట్టైంది.

తోచిన పనులన్నీ చేశాను. బొంత నాలుగు మడతలు పెట్టి సీటు మీద వేసి, అత్తను బతిమాలి ఒకసారి కూర్చోబెట్టాను. తుంటి పైకి వచ్చింది గానీ తల లోపలికి పెట్టడానికి మరీ వంగాల్సి వచ్చింది. "ఇదేటే, గంపలో కోడిని కుక్కినట్టు కుక్కుతన్నావు!" అని దిగిపోయారు. ఆటో పిలుద్దామంటే దాని మెట్టు ఎత్తు, ఈ తోవలో కుదుపులు. మూడు శనివారాలు పోయాయి. ఉదయం పూట అత్త వీధి వసారాలో కుర్చీ వేయించుకుని కద్మా ఎటువైపో అటు తిరిగి దణ్ణం పెట్టుకునేవారు. ఆ పక్కనే మా వాడు ఆ కారుకు పాలిష్ పెడుతూ ఉండేవాడు. వాడి మీద, వాళ్ళ నాన్న మీద, ఒట్టు వేయించుకున్న ఆవిడ మీద, వేసిన నా మీద నాకు ఎంత ఒళ్ళు మండేదో చెప్పలేను. గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. "ఏటే, ఒంట్లో బాలేదా?" అనేవారు మా ఆయన.

అప్పుడు విశ్వకర్మ పూజ వచ్చింది. ఈ ఊళ్ళో అది చిన్న పండగ కాదు. ప్రతి షెడ్డులో, ప్రతి గ్యారేజీలో విగ్రహం పెడతారు. ఆ రోజు ఎవరూ పనిముట్టు పట్టరు, పనిముట్లకే పూజ. ఇంట్లో ఇనుమన్నది ఏదీ మురికిగా ఉండకూడదని నా పట్టింపు. మా ఆయన పానాలు, సుత్తి, టేపు, నా కత్తిపీట, కుట్టుమిషను కత్తెర అన్నీ కడిగి వరసగా పెట్టాను. అవి కడుగుతుంటే మెట్ల కింద గోనెసంచి గుర్తొచ్చింది.

పాత స్ప్రింగులు నాలుగూ లాగాను. మట్టి, జిడ్డు, ఏవో సుద్ద గీతలు, రంగు మరకలు. పాపం, ఇన్నేళ్ళు మోసి మోసి చీకట్లో పడున్నాయి. చింతపండూ బూడిదా వేసి, కొబ్బరి పీచుతో ఒక్క మరక మిగలకుండా తోమాను. తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. స్వామీ, వీటిని మళ్ళీ కారెక్కించు అని మనసులోనే అడిగాను. దేవుణ్ణి అడిగితే ఒట్టు తప్పినట్టు కాదు కదా.

అన్నీ అయ్యాక నా చూపు తలుపు వెనక కర్ర మీద పడింది. అది ఇనుము కాదు. పనిముట్టే. దాన్నీ కడిగి, బొట్టు పెట్టాను. బయట కారు పూజకు అన్ని తలుపులూ తీసి ఉంచారు. కర్ర తీసుకెళ్ళి ఎడమవైపు ముందు సీటు పక్కన నిలబెట్టి వచ్చాను. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.

మా ఆయన కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు.

"ఇదెందుకే ఇక్కడ? ఇది చెక్క కదా."

"పనిముట్టే కదండీ. మూల ఒక్కటే మిగిలిపోయిందని తెచ్చాను."

కర్ర కాస్త వాలి ఉంది. వాలిన గేజిని నిటారుగా నిలబెట్టకుండా ఆయన ఉండలేరు. వంగి నిలబెట్టారు. నిలబెట్టాక కర్ర తల చూశారు. సీటు చూశారు. మళ్ళీ కర్ర తల చూశారు. కొబ్బరికాయ నేల మీద పెట్టేశారు.

"ఒరే, ఇలా రా."

మా వాడు అగరొత్తులు పట్టుకుని వచ్చాడు. "క్యా హువా?"

"ఇదేటి?"

"మామ్మ కర్ర."

"సీటెక్కడుంది?"

సీటు కర్ర తలకి వేలిన్నర కిందికుంది. మా వాడు అరచెయ్యి పెట్టి సీటు నొక్కి చూశాడు, ఇంకా దిగింది.

"అంటే మామ్మ కాలు లాగుతందన్నది ఇందుకా?" అన్నాడు. ఆ మాట తెలుగులోనే అన్నాడు.

మా ఆయనకు 'వయసైపోతంది అమ్మకి' అన్నది గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. వసారాలోంచి అత్త కేకేశారు. "ఏటర్రా గుసగుసలు! కాయ కొట్టండి, ఎండెక్కిపోతంది!" అని, కర్ర కనిపించి, నా వైపు ఉరిమి చూశారు.

"ఒట్టేసినావు కదే!"

"నేనేం చెప్పలేదత్తా. మీ కొడుకునే అడగండి."

మా వాడు వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "మామ్మా, నాకు చెప్పొచ్చు కదా."

"ఏటి చెప్తాను? బండి ఎంత అందంగా కూకుందో సూడు. నాను కూకోలేకపోతే దాని తప్పేటి?"

వాడు అప్పటికప్పుడు మార్చేస్తానని లేచాడు. ఆ రోజు ఊళ్ళో పానా పట్టేవాడెవడు? గ్యారేజీకి ఫోను చేస్తే అవతల పాటల మోత తప్ప ఏమీ వినపడలేదు. మర్నాడు విగ్రహాల నిమజ్జనం. శుక్రవారం రమ్మన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. మా ఆయన.

"ఒసే, స్ప్రింగుల మీద నా రాత ఏదే?"

"ఏ రాతండీ?"

"సుద్దరాత! ఎడమా కుడీ రాసాను కదా!"

"కడిగేశాను."

"సరే, రంగు చుక్కలుంటాయి కదా. తెల్లదీ పచ్చదీ."

"అవి... మరకలనుకున్నాను."

ఆయన మెల్లగా అడిగారు, "వీటికి పసుపు రాసావా?"

"కుంకం కూడా," అన్నాను. ఎవరో మెకానిక్కు పగలబడి నవ్వడం వినిపించింది.

బరువేసి కొలిచే మిషను రైల్వే వర్క్‌షాపులో ఉంటుంది, ఆ గ్యారేజీలో ఎక్కడిది? ఇది కుడిది అని ఈయన, కాదు అది అని మెకానిక్కు. చివరికి ఒకటి ఇటు, ఒకటి అటు వేసేశారు.

సాయంత్రం కారు ఇంటి ముందు ఆగింది. ఎత్తుగా, డబ్బాలా, మళ్ళీ మా కారులా ఉంది. నేను దణ్ణం పెట్టబోతూ ఆగాను. ఎవరో ఎడమ చెవి పట్టుకుని పైకి లాగినట్టు ఒక పక్కకి ఒరిగి నిలబడింది. మా ఆయన చదునుగా ఉన్న చోటికి జరిపించి టేపు తీశారు. తీసి, ముందు ఎడమా కుడీ కొలిచి, మెట్టు మీద కూలబడ్డారు.

"ఎడమ పక్క పన్నెండు మిల్లీమీటర్లు పైకుంది. తారుమారైపోనాయి."

"నాన్నా, పూరా టేఢా హై," అన్నాడు మా వాడు. మొత్తం వంకరగా ఉందని.

"నాకు కళ్ళున్నాయి రా. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క పెట్టిని వంకరగా వదల్లేదు నాను. మా ఇంటి ముందు, నా సొంత బండి!"

తిడితే బాగుండేది. ఆయన నన్ను తిట్టలేదు. నేను నెల రోజులు వాళ్ళ మీద నూరిన పళ్ళన్నీ నా వైపు తిరిగాయి. ఇద్దరు మగవాళ్ళు కొలవడం మరిచిపోతే, నేను భక్తితో తోమి తోమి కొలతే చెరిపేశాను. ఆ సాయంత్రం దీపం ముందు చాలాసేపు ఏం చెప్పుకోవాలో తోచలేదు. గ్యారేజీ మళ్ళీ సోమవారానికి గానీ కుదరదన్నారు. రేపు శనివారం.

పొద్దున అత్త చీర కట్టుకుని వచ్చారు. గురువారం తీసి పెట్టుకున్న చీరే. మా వాడు ఈసారి స్టీరింగు దగ్గర కూర్చోలేదు. తనే తలుపు తీసి, కర్ర తెచ్చి, సీటు పక్కన నిలబెట్టాడు. సీటు కర్ర తల కన్నా రెండు వేళ్ళు పైకి ఉంది. ఇదివరకు ఒక వేలే ఉండేది. వాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు.

అత్త వీపు తిప్పి వెనక్కి వాలారు. మంచం మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. కాళ్ళు ఒకటొకటిగా లోపల పెట్టుకున్నారు. నా చెయ్యి ఎప్పుడు వదిలేశారో నాకే తెలియలేదు.

"ఏటి చేసారే దీన్ని? ఇదివరకటికన్నా బాగుంది."

"వంకరగా ఉందమ్మా," అన్నారు మా ఆయన ప్రాణం పోయినట్టు. "సోమారం సరి చేయించేత్తాను."

"ఏటి సరిసేత్తావు? ముట్టుకున్నావంటే సూడు! నా పక్క పైకుంది, నాకు సాలు. ఈడి పక్క కిందికుంటే కుర్రాడే కదా, కూకుంటాడు."

"మామ్మా, అందరూ నవ్వుతారు," అన్నాడు మా వాడు.

"నీ బండి నేలకి రాసుకుని ఎల్తంటే నవ్వలేదేటి? నడు, హారతైపోద్ది."

గుడి దగ్గర మా ఆయన, నేను చెరో రెక్క పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాం. అత్త తలుపు అంచు పట్టుకుని, ఒక్క ఊపులో లేచి, మా ఇద్దరి మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయారు. స్తంభం దగ్గర భుయ్యాడీహ్ ఆవిడ, "ఏటమ్మా, ఇన్నాళ్ళూ రానేదు!" అనడం వినిపించింది. మా ఆయన చాచిన చేతులు అలాగే ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో తెలియక వంగి ముందు చక్రం చూశారు.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. మెకానిక్కు చూసి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదు, చలేగా, నడిచిపోతుంది అన్నాడు. కారు ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే ఉంది. ఎర్ర స్ప్రింగులు గోనెసంచిలో మెట్ల కింద ఉన్నాయి. మా వాడు అప్పుడప్పుడూ సంచి విప్పి చూసుకుని మళ్ళీ కట్టేస్తాడు. మా ఆయన శనివారం శనివారం కారు ముందు నిలబడి, తల ఒక పక్కకి వాల్చి చూసి, "పన్నెండు," అని నిట్టూరుస్తారు. నేను బంపరు కింద నిమ్మకాయలు కడతాను. దారం పొడుగ్గానే కడతాను, కానీ మధ్యలో కట్టినా అవి కుడి పక్కకే జారిపోతాయి. సరిచేసి సరిచేసి విసుగొచ్చి వదిలేశాను. లోపల్నుంచి అత్త హారన్ కొడుతుంటారు. అది ఎలా కొట్టాలో ఆవిడకి మనవడే నేర్పాడు.